లండన్ నుంచి డార్విన్ దాకా: ఎమీ జాన్సన్

మన గోడపత్రికలో కవుల జీవితాలు చాలా వచ్చాయి. ఈసారి నేను ఒక పైలట్ గురించి రాస్తున్నాను. ఆమె కూడా మనలాగే బి.ఏ. చదివింది, కాబట్టి ఇక్కడ చోటు దొరుకుతుందనుకుంటున్నాను.

ఎమీ జాన్సన్ 1903లో ఇంగ్లండ్‌లోని హల్ అనే రేవు పట్టణంలో పుట్టింది. నాన్నగారిది చేపల వ్యాపారం. షెఫీల్డ్ యూనివర్సిటీలో డిగ్రీ అయ్యాక లండన్‌లో ఒక లాయర్ల ఆఫీసులో చేరింది. ఉద్యోగం చేస్తూనే విమానం నడపడం నేర్చుకుంది. 1929లో పైలట్ లైసెన్సు వచ్చింది. అంతటితో ఆగకుండా ఇంజను విప్పి బిగించే పని కూడా నేర్చుకుని గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు తీసుకుంది. బ్రిటన్‌లో అది పొందిన మొదటి స్త్రీ ఆమే.

1930 మే 5న లండన్ పక్కనున్న క్రాయిడన్ నుంచి ఒంటరిగా ఆస్ట్రేలియాకు బయలుదేరింది. అంతవరకు ఆమె వెళ్ళిన అతి దూరం లండన్ నుంచి సొంత ఊరు హల్ దాకానే! విమానం సెకండ్ హ్యాండ్‌ది, పేరు జేసన్. రేడియో లేదు. మ్యాపులు, దిక్సూచి, అంతే.

నేనొక లెక్క వేసి చూశాను. ఆమె దారి దాదాపు 17,700 కి.మీ. ఆ చిన్న విమానం గంటకు సుమారు 135 కి.మీ. పోతుంది. అంటే గాలిలో ఉండాల్సింది 130 గంటలు, ఐదున్నర రోజులు. కానీ పట్టింది పంతొమ్మిదిన్నర రోజులు. మరి మిగతా పద్నాలుగు రోజులు ఏమయ్యాయి?

అసలు కథంతా అక్కడే ఉంది. బాగ్దాద్ దారిలో ఇసుక తుఫాను వచ్చి ఎడారిలో దిగాల్సి వచ్చింది. అయినా కరాచీకి ఆరు రోజుల్లో చేరి పాత రికార్డు దాటేసింది. అలహాబాద్ వెళ్ళాలంటే పెట్రోలు చాలక ఝాన్సీలో సైనికుల పరేడ్ మైదానంలో దిగింది. రంగూన్ దగ్గర ఒక ఆటస్థలంలో దిగబోతే విమానం గుంటలో పడి రెక్క, ప్రొపెల్లర్ దెబ్బతిన్నాయి. అక్కడి ఇంజనీరింగ్ సంస్థవాళ్ళు సాయం చేస్తే బాగుచేసుకుని మళ్ళీ ఎగిరింది. మే 24న డార్విన్‌లో దిగింది. అంతకుముందు హింక్లర్ అనే ఆయన పదిహేనున్నర రోజుల్లో వెళ్ళాడు కాబట్టి రికార్డు పోయింది. కానీ ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరిన మొదటి స్త్రీ ఎమీయే. ఇప్పటి జెట్ విమానం ఆగకుండా పోతే పదిహేడు గంటలు చాలు.

యుద్ధకాలంలో ఆమె విమానాలను ఒక స్థావరం నుంచి ఇంకో స్థావరానికి చేర్చే పనిలో చేరింది. 1941 జనవరి 5న బ్లాక్‌పూల్ నుంచి ఆక్స్‌ఫర్డ్ దగ్గరికి, సుమారు 250 కి.మీ., ఒక విమానం తీసుకెళ్తూ దారి తప్పి థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట పడిపోయింది. శవం కూడా దొరకలేదు. కాపాడడానికి నీళ్ళలో దూకిన నౌకాధికారి ఫ్లెచర్ కూడా చనిపోయాడు.

డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో ఎం.ఏ. చదువుతానని నేను అడిగితే బళ్ళారిలో మా ఇంట్లో మొదట వచ్చే మాట దూరం. నాన్న కన్నడలో దూర అన్నా, అమ్మ తెలుగులో దూరం అన్నా అర్థం ఒక్కటే, వద్దని. వాళ్ళ భయం నాకు తెలుసు. కానీ 17,700 కి.మీ. క్షేమంగా దాటినామె సొంత దేశంలో 250 కి.మీ. ప్రయాణంలో పోయింది. అందుకే దూరాన్ని బట్టి ప్రమాదాన్ని కొలవడం నాకు సరిగా అనిపించదు. ఇంజను విప్పి బిగించడం వచ్చా అని అడగాలి ముందు. దానికి జవాబు చెప్పేలా తయారవ్వడానికి నాకింకా ఏడాది పైనే ఉంది.