ప్రశాంతచంద్ర మహలనోబిస్ – సాంఖ్యక శాస్త్ర పరిచయం



జంషెడ్‌పూర్‌లోని సోనారిలో దోముహాని దగ్గర ఖర్కాయి నది సువర్ణరేఖలో కలుస్తుంది. మీరు ఆ ప్రాంతంవారైతే, వానాకాలంలో రెండు నదులూ పొంగినప్పుడు లోతట్టు ఇళ్లలోకి నీరు రావడం మీకు తెలిసే ఉంటుంది. వరద ఎందుకు వచ్చింది? దాన్ని అదుపు చేయాలంటే ఏం చేయాలి? ఇటువంటి ప్రశ్నలకు ఊహతో కాక లెక్కలతో జవాబు చెప్పే పద్ధతిని మన దేశంలో నిలబెట్టిన శాస్త్రజ్ఞుడు ప్రశాంతచంద్ర మహలనోబిస్. ఆయన జీవితం చదువుతూ సాంఖ్యక శాస్త్రంలోని కొన్ని ముఖ్య పదాలను ఈ పాఠంలో నేర్చుకుందాం.

1. బాల్యం, చదువు

మహలనోబిస్ 1893 జూన్ 29న కలకత్తాలో జన్మించారు. అక్కడి ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం చదివి, పై చదువుకు ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి వెళ్లారు. అక్కడ గణిత మేధావి శ్రీనివాస రామానుజన్‌తో ఆయనకు స్నేహం కలిగింది. 1915లో స్వదేశానికి బయలుదేరే ముందు ‘బయోమెట్రికా’ అనే పత్రిక సంపుటాలు ఆయన చేతికి వచ్చాయి. ఓడ ప్రయాణంలోనే వాటిని చదవడం మొదలుపెట్టారు. కొలతలను సేకరించి, విశ్లేషించి, నిర్ణయాలు చేసే ఈ కొత్త శాస్త్రం ఆయనను ఆకర్షించింది. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తూనే దీనిపై పనిచేశారు.

2. దత్తాంశం

ఒక విషయం గురించి సేకరించిన వివరాలను, అంకెలను దత్తాంశం అంటారు. మనమే స్వయంగా సేకరిస్తే అది ప్రాథమిక దత్తాంశం. ఇతరులు ముందే సేకరించి ఉంచినదాన్ని వాడుకుంటే అది గౌణ దత్తాంశం.

1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నదికి పెద్ద వరద వచ్చింది. ఈ నది జన్మ కూడా మీ ప్రాంతపు కొండలతో ముడిపడినదే. ఛోటానాగపూర్ పీఠభూమి నుండి వచ్చే శంఖ్, కోయల్ నదులు కలిసి బ్రాహ్మణి ఏర్పడుతుంది. నది అడుగు మేట వేసి పైకి లేచిందనీ, కరకట్టల ఎత్తు పెంచాలనీ ఇంజనీర్లు భావించారు. మహలనోబిస్ సుమారు 60 సంవత్సరాల వర్షపాతం, నీటిమట్టం లెక్కలను పరిశీలించారు. ఇది గౌణ దత్తాంశమే. నది అడుగు పెరగలేదనీ, ఎగువన కురిసిన అధిక వర్షమే కారణమనీ తేలింది. కరకట్టలు పెంచినా ఫలితం ఉండదని, ఎగువన ఆనకట్టలు కట్టి నీటిని ఆపాలని ఆయన సూచించారు. కారణం తప్పుగా పోల్చుకుంటే ధనమూ వృథా, ప్రజల కష్టమూ తీరదు. ఆయన లెక్కలు తరువాత మహానదిపై కట్టిన హీరాకుడ్ ఆనకట్ట ఆలోచనకు ఉపయోగపడ్డాయి. అది 1957లో ప్రారంభమైంది.

3. సగటు, మధ్యగతం, బాహుళకం, వ్యాప్తి

ఒక ఊరిలో ఐదు రోజుల వర్షం 2, 4, 4, 6, 34 మిల్లీమీటర్లు అనుకుందాం.

సగటు: అన్నింటినీ కూడి, వాటి సంఖ్యతో భాగించాలి. 50 ÷ 5 = 10.
మధ్యగతం: అంకెలను ఆరోహణ క్రమంలో వ్రాస్తే మధ్యలో ఉన్నది. ఇక్కడ 4.
బాహుళకం: ఎక్కువసార్లు వచ్చినది. ఇదీ 4.
వ్యాప్తి: గరిష్ఠ విలువ నుండి కనిష్ఠ విలువను తీసివేయగా వచ్చేది. 34 – 2 = 32.

సగటు 10 అయినా, నాలుగు రోజులు అంత వర్షమే లేదు. ఒక్కరోజు వానే సగటును పెంచింది. కాబట్టి సగటుతోపాటు వ్యాప్తిని కూడా చూడాలి.

4. సమష్టి, నమూనా

1931లో మహలనోబిస్ కలకత్తాలో భారత సాంఖ్యక సంస్థను స్థాపించారు. అది ప్రెసిడెన్సీ కళాశాలలోని ఒక గదిలో మొదలైంది. 1937 నుండి ఆ సంస్థ బెంగాలులో జనపనార పంట విస్తీర్ణాన్ని అంచనా వేసే పని చేపట్టింది. ప్రతి పొలాన్నీ కొలవాలంటే చాలా ఖర్చు, చాలా కాలం పడుతుంది. అందువల్ల కొన్నింటినే ఎంచుకుని కొలిచారు.

మనం తెలుసుకోదలచిన మొత్తం సమూహం సమష్టి. అందులోనుండి పరిశీలనకు తీసుకున్న భాగం నమూనా. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తాం కదా! అయితే గంటెతో కలపని కుండలో పైమెతుకు చూసి మోసపోవచ్చు. అందుకే సమష్టిలోని ప్రతి అంశానికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉండేలా, చీటీలు తీసినట్లు నమూనా తీయాలి. దీన్ని సరళ యాదృచ్ఛిక నమూనా అంటారు. ఒకే ప్రాంతంలో వేరువేరు బృందాలచేత విడివిడిగా నమూనాలు తీయించి, ఫలితాలను పోల్చే పద్ధతిని కూడా మహలనోబిస్ ప్రవేశపెట్టారు. పెద్ద తేడా వస్తే ఎక్కడో పొరపాటు జరిగిందని తెలుస్తుంది.

1943 నాటి బెంగాలు కరువు తరువాత గ్రామాల స్థితిని కూడా ఆ సంస్థ నమూనా పద్ధతిలోనే పరిశీలించింది. ఎవరు భూమి పోగొట్టుకున్నారో, ఎవరు నిరాధారులయ్యారో అంకెలతో తెలిసింది.

5. చివరి సంవత్సరాలు

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1941లో ఈ సంస్థలో శిక్షణకు చేరి, తరువాత ప్రపంచ ప్రఖ్యాతి పొందారు. 1950లో మహలనోబిస్ కృషితో జాతీయ నమూనా సర్వే ఆరంభమైంది. కుటుంబాల ఖర్చు, ఉపాధి వంటి వివరాలు ఇటువంటి సర్వేల ద్వారానే తెలుస్తాయి. రెండవ పంచవర్ష ప్రణాళిక రూపకల్పనలోనూ ఆయన ముఖ్యపాత్ర వహించారు. 1968లో పద్మవిభూషణ్ పొందారు. 1972 జూన్ 28న మరణించారు. ఆయన పుట్టినరోజైన జూన్ 29ని 2007 నుండి జాతీయ సాంఖ్యక దినంగా జరుపుతున్నారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఒక ఇంటి ఐదు రోజుల కూరగాయల ఖర్చు రూపాయలలో 40, 50, 50, 60, 100. సగటు, మధ్యగతం, బాహుళకం, వ్యాప్తి కనుక్కోండి.
2. సోనారిలోని తెలుగు కుటుంబాల నెల ఖర్చు తెలుసుకోవడానికి బజారులో కనిపించిన వారినే అడిగితే సరిపోతుందా? ఎందుకు?

జవాబులు

1. సగటు 60, మధ్యగతం 50, బాహుళకం 50, వ్యాప్తి 60.
2. సరిపోదు. బజారుకు రాని కుటుంబాలకు ఎంపికయ్యే అవకాశం ఉండదు. అన్ని కుటుంబాల జాబితా వ్రాసి, చీటీలు తీసి ఎంచుకోవాలి.