మేడం క్యూరీ ఇంట్లో మామగారు

మేడం క్యూరీ పేరు వినని కుటుంబం మన సంఘ సభ్యులలో ఉండదనుకుంటాను. రెండు నోబెల్ బహుమతులు, పొలోనియం, రేడియం - ఇంతవరకు పదో తరగతి పిల్లవాడైనా చెబుతాడు. హైస్కూలులో ముప్పై ఏళ్ల పైచిలుకు ఫిజికల్ సైన్సు చెప్పిన నాకు మాత్రం ఆమె పాఠం వచ్చినప్పుడల్లా వేరే సందేహాలు కలిగేవి. పొద్దస్తమానం ప్రయోగశాలలో ఉంటే చంటిపిల్లను ఎవరు చూసేవారు? వంట ఎప్పుడు చేసేది? నెలాఖరుకు డబ్బు ఎలా సరిపెట్టేది? ఉద్యోగం చేస్తూ పిల్లల్ని పెంచిన ఏ ఇల్లాలికైనా ముందు తోచేవి ఇవే. ఆమె చిన్న కూతురు ఈవ్ 1937లో తల్లి జీవిత చరిత్ర ప్రచురించింది. నా సందేహాలు చాలావరకు అందులో తీరాయి. ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు ఇదే రాద్దామనుకున్నాను.

ఆమె అసలు పేరు మరియా స్క్లోడోవ్‌స్కా. 1867 నవంబరు 7న పోలండు దేశపు వార్సా నగరంలో, ఐదుగురు పిల్లలలో ఆఖరి బిడ్డగా పుట్టింది. తండ్రి లెక్కలు, ఫిజిక్సు చెప్పే మాస్టారు. తల్లి ఆడపిల్లల బడి నడిపిన పంతులమ్మ. ఆ తల్లికి క్షయ సోకింది. పిల్లలకు అంటుకుంటుందన్న భయంతో ఆవిడ వాళ్లను ముద్దు కూడా పెట్టుకునేది కాదట. 1878లో ఆవిడ కన్నుమూసేనాటికి మరియాకు పదేళ్లు.

అక్క బ్రోన్యాకు పారిస్ వెళ్లి వైద్యం చదవాలని కోరిక. ఇంట్లో డబ్బు లేదు. అక్కచెల్లెళ్లిద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ముందు చెల్లెలు ఉద్యోగం చేసి అక్కను చదివించాలి, అక్క డాక్టరయ్యాక చెల్లెల్ని పిలిపించుకోవాలి. ఆ మాట మీద మరియా ఒక పల్లెటూరి ఎస్టేటులో మకాం ఉండి అక్కడి పిల్లలకు చదువు చెప్పింది. తీరిక దొరికితే రైతుల పిల్లలకు అక్షరాలు నేర్పింది. 1891లో పారిస్ చేరి, సోర్బాన్‌లో 1893లో ఫిజిక్సు పట్టా మొదటి స్థానంతో, మరుసటి ఏడు లెక్కల పట్టా రెండో స్థానంతో పుచ్చుకుంది. 1895 జూలై 26న పియరీ క్యూరీతో పెళ్లి. పెళ్లికి వచ్చిన కానుక డబ్బుతో దంపతులు రెండు సైకిళ్లు కొనుక్కున్నారు.

పెళ్లయిన కొత్తలో పియరీ జీతం నెలకు 500 ఫ్రాంకులు. మేరీ జమాఖర్చుల పుస్తకం పెట్టి, ప్రతి చిల్లర ఖర్చూ రాసేది. వంట రాదు, నేర్చుకుంది. ప్రయోగశాలకు వెళ్తూ పొయ్యి మీద పెట్టిన గిన్నె అడుగంటకుండా మంట ఎంత ఉండాలో కూడా లెక్క కట్టేది. 1897 సెప్టెంబరులో ఐరీన్ పుట్టింది. పురుడు పోసినది మామగారు డాక్టర్ యూజీన్ క్యూరీయే. కొద్దిరోజులకే అత్తగారు చనిపోయారు. ఆ తరువాత మామగారు కొడుకు, కోడలి దగ్గరకు వచ్చి ఉన్నారు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఆయన రాకముందు మేరీ పరిస్థితి ఉద్యోగాలు చేసిన మన ఆడవాళ్లందరికీ తెలిసినదే. దాది పిల్లను పార్కుకు తీసుకెళ్తే, ఎక్కడ తప్పిపోయిందోనని ప్రయోగశాల వదిలేసి పరుగెత్తేదట. తాతగారు ఇంట్లో కుదురుకున్నాక ఆ గుబులు తగ్గింది. పొలోనియం కనుక్కున్నది 1898 జూలైలో, రేడియం అదే ఏడు డిసెంబరులో. అదే సంవత్సరం ఆమె ఇంటి పుస్తకాలలో ఐరీన్‌కు ఎన్నో పన్ను వచ్చింది, ఎంత బరువు పెరిగింది, ఎన్ని సీసాల జామ్ తయారయింది, అన్నీ తేదీలతో సహా ఉన్నాయి. నాకు రేడియం ఎంత ముఖ్యమో ఈ జామ్ సీసాలూ అంత ముఖ్యంగానే కనిపిస్తాయి.

1902లో ఒక రాత్రి సంగతి ఈవ్ రాసింది. మేరీ పిల్లను నిద్రపుచ్చి, కిందికొచ్చి కుట్టుపని పట్టుకుంది. మనసు నిలవలేదు. మామగారికి చెప్పి భార్యాభర్తలు చేతిలో చెయ్యి వేసుకుని నడుచుకుంటూ తమ పాత షెడ్డుకు వెళ్లారు. దీపం వెలిగించకుండా ఆ చీకట్లో కూర్చుని, గాజు పాత్రలలో నీలంగా మెరిసే రేడియంను చూశారు. రాత్రి తొమ్మిదింటికి నాలుగేళ్ల పిల్లను ఇంట్లో వదిలి భార్యాభర్తలిద్దరూ బయటికి వెళ్లగలిగారంటే, తలుపు లోపల ఒక పెద్దాయన ఉన్నాడు కనుక. మా అత్తగారే లేకపోతే నా సర్వీసు రిజిస్టరు నాలుగో పేజీ దాటేది కాదు. అందుకని నాకు ఆ తలుపు మీదే చూపు నిలుస్తుంది.

జీతం చాలక 1900 నుంచి మేరీ సేవ్ర్‌లో, ఆడపిల్లలను ఉపాధ్యాయినులుగా తయారుచేసే కళాశాలలో పాఠాలు చెప్పింది. ట్రాములో ప్రయాణం. అక్కడి అమ్మాయిలకు ప్రయోగాలు తమ చేతులతో చేసే అవకాశం కల్పించింది. 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఏడే ఆగస్టులో కడుపు పోయింది. అనారోగ్యంతో బహుమతి సభకు వెళ్లలేకపోయింది. 1904 డిసెంబరులో ఈవ్ పుట్టింది.

1906 ఏప్రిల్ 19న పియరీ పారిస్ వీధిలో గుర్రబ్బండి కింద పడి మరణించాడు. మేరీకి 38 ఏళ్లు. ప్రభుత్వం ఆమెకూ పిల్లలకూ పెన్షన్ ఇస్తామంది. ఆమె వద్దంది. పనిచేసి పిల్లలను పోషించుకునే శక్తి తనకు ఉందన్నది ఆమె ఉద్దేశం. ఫ్యామిలీ పెన్షన్ కోసం ఎన్ని ఫారాలు నింపాలో, ఎన్నిసార్లు తిరగాలో తెలిసిన మనకు ఇది వింతగానే ఉంటుంది. నేనైతే ఆమె తీసుకుని ఉండాల్సిందనే అంటాను. తీసుకున్నంత మాత్రాన తక్కువ చేసినవారెవరూ ఉండరు. భర్త ఉద్యోగాన్ని విశ్వవిద్యాలయం ఆమెకు అప్పగించింది. నవంబరు 5న, సోర్బాన్‌లో పాఠం చెప్పిన మొదటి మహిళగా, భర్త ఆపిన చోటి నుంచే పాఠం మొదలుపెట్టింది.

మరి మామగారు? ఆయనకు పెద్ద కొడుకు జాక్ ఉన్నాడు. కావాలంటే అక్కడికి వెళ్లవచ్చని కోడలు స్వేచ్ఛ ఇచ్చింది. దాదాపు ఎనభై ఏళ్ల ఆ పెద్దమనిషి కోడలి దగ్గరే ఉంటానన్నారు. అందరూ పారిస్ పక్కనున్న సో అనే ఊరికి మారారు. మేరీ రోజూ రైలెక్కి పనికి వెళ్లేది. ఇంట్లో దుఃఖం గురించి ఆమె పెదవి విప్పేది కాదు, పిల్లల దగ్గర పియరీ పేరే ఎత్తలేకపోయేది. ఆ ఇంట్లో నవ్వు, తోటపని, చెట్ల పేర్లు, కవిత్వం ఐరీన్‌కు తాతగారి వల్లనే దక్కాయి.

బడులలో పిల్లలను గంటల తరబడి కూర్చోబెట్టడం మేరీకి నచ్చలేదు. సాటి ప్రొఫెసర్ల కుటుంబాలతో కలిసి పదిమంది పిల్లలకు సొంతంగా చదువు ఏర్పాటు చేసింది. లాంజెవిన్ లెక్కలు, పెర్రిన్ కెమిస్ట్రీ, మేరీ ఫిజిక్సు. ఒకసారి ఆమె గిన్నెలోని వేడి చల్లారకుండా ఏం చేయాలని అడిగితే, పిల్లలు ఉన్ని చుట్టాలని, ఇంకా ఏవేవో ఉపాయాలు చెప్పారట. తనైతే ముందు మూత పెడతానంది ఆమె. రెండేళ్లే సాగిన ఆ పాఠాలను ఇసబెల్ షావాన్ అనే విద్యార్థిని రాసిపెట్టుకుంది. ఆ నోట్సు 2003లో పుస్తకంగా వచ్చింది.

1909లో మామగారు మంచం పట్టారు. ఏడాది పాటు మేరీ ఖాళీ దొరికినప్పుడల్లా ఆయన పక్కనే కూర్చుంది. 1910 ఫిబ్రవరి 25న ఆయన పోయారు. సమాధి దగ్గర ఆమె పియరీ శవపేటికను పైకి తీయించి, అడుగున మామగారిని ఉంచి, ఆ పైన పియరీని, దాని పైన తనకు చోటు ఉండేలా ఏర్పాటు చేయించింది.

తాతగారు పోయేనాటికి ఐరీన్‌కు పన్నెండేళ్లు, ఈవ్‌కు ఐదు. ఐరీన్ తల్లి అడుగుజాడల్లో నడిచింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆసుపత్రులకు ఎక్స్‌రే బళ్లు నడిపిన తల్లికి పదిహేడేళ్లకే తోడు నిలిచి, 1935లో భర్తతో కలిసి తానూ నోబెల్ పొందింది. సంగీతం వైపు వెళ్లిన ఈవ్, తల్లి ఎంత ప్రయత్నించినా తన చిన్నతనం సంతోషంగా గడవలేదని తన పుస్తకంలోనే రాసింది. అదే ఇల్లు, అదే తల్లి. తేడా తాతగారి దగ్గరే ఉందని నేననను. ఉద్యోగం చేసిన తల్లిని కనుక ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను.

1923 డిసెంబరులో, రేడియం కనుగొని పాతికేళ్లయిన సందర్భంగా, ఫ్రెంచి పార్లమెంటు మేరీకి ఏటా 40,000 ఫ్రాంకుల పెన్షన్ మంజూరు చేసింది. తన తరువాత ఐరీన్‌కు, ఈవ్‌కు కూడా చెందేలా. ఈసారి ఆమె కాదనలేదు.

1934 జూలై 4న, ఏళ్ల తరబడి రేడియేషన్ సోకిన ఫలితంగా వచ్చిన రక్తహీనతతో ఆమె మరణించింది. సో శ్మశానంలో తాను కోరిన చోటే, పియరీ పైన, పడుకోబెట్టారు. 1995 ఏప్రిల్‌లో ఫ్రాన్సు ప్రభుత్వం దంపతులిద్దరినీ జాతీయ గౌరవంతో పారిస్‌లోని పాంథియన్‌కు తరలించింది. మామగారు సో లోనే ఉన్నారు. 1956లో చనిపోయిన ఐరీన్ సమాధి కూడా ఆ శ్మశానంలోనే ఉంది.