జ్వరం వెనుక దాగినదానిని చూపిన మహనీయుడు రాంట్‌జెన్

సాయంకాలం కాగానే జ్వరం వస్తుంది. తెల్లవారేసరికి చెమట పట్టి దిగిపోతుంది. రక్తపరీక్షలో మలేరియా లేదు, టైఫాయిడ్ లేదు. మనిషి మాత్రం రోజురోజుకు చిక్కిపోతున్నాడు. అట్టివేళ వైద్యుడు ఎక్స్‌రే తీయించమని చీటీ వ్రాసి ఇస్తాడు. ఆ చిన్న చీటీ వెనుక, వైద్యుడు కాని ఒక జర్మను ఆచార్యుని జీవితమున్నది.

విల్‌హెల్మ్ కాన్రాడ్ రాంట్‌జెన్ 1845 మార్చి 27న జర్మనీలోని లెన్నెప్ పట్టణంలో, ఒక బట్టల వర్తకుని ఏకైక సంతానంగా జన్మించారు. బాల్యం తల్లి దేశమైన హాలండులో గడిచింది. యుట్రెక్టులో చదువుచుండగా తోటి విద్యార్థి ఒకడు ఉపాధ్యాయుని వికటచిత్రం గీశాడు. ఆ విద్యార్థి పేరు చెప్పనందుకు రాంట్‌జెన్ పాఠశాల నుండి వెళ్లగొట్టబడ్డారు. యోగ్యతాపత్రం లేకపోయినను, జూరిచ్ పాలిటెక్నిక్‌లో ప్రవేశం పొంది 1869లో డాక్టరేటు సంపాదించారు. ఆ పత్రాలు లేవని మొదట తిరస్కరించిన వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయమే 1888లో ఆయనను భౌతికశాస్త్రాచార్యునిగా పిలుచుకొన్నది.

1895 నవంబరు 8 సాయంత్రం ఆయన నల్లని అట్టతో కప్పిన గాజుగొట్టంలో విద్యుత్తును ప్రవహింపజేయగా, దూరానగల రసాయనపు తెర మిణుకుమన్నది. అట్టను దాటి వచ్చిన ఆ కిరణమేమిటో తెలియదు. గనుక గణితంలో తెలియని రాశికి పెట్టే ఎక్స్ అను అక్షరమే దానికి పేరు పెట్టారు. కొన్ని వారాలు ప్రయోగశాలలోనే తిని, అక్కడే నిద్రించి పరిశోధించారు. డిసెంబరు 22న భార్య బెర్తా చేతిని ఫొటో తీయగా ఎముకలు, వ్రేలి ఉంగరం కనబడ్డాయి. మనిషిని కోయకుండ లోపల చూడగలుగుట అంతవరకు ఎరుగని సంగతి.

ఆయన ఈ కిరణాలకు పేటెంటు తీసుకొనలేదు. 1901లో భౌతికశాస్త్రానికి ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ బహుమతి సొమ్మును విశ్వవిద్యాలయానికే ఇచ్చివేశారు. ప్రభువంశపు బిరుదును నిరాకరించారు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత డబ్బు విలువ పడిపోయి, ఆయన పొదుపు కరిగిపోయింది. 1919లో భార్య మరణించగా, 1923 ఫిబ్రవరి 10న ప్రేగు క్యాన్సరుతో మ్యూనిక్‌లో కన్నుమూశారు.

సొంతం చేసుకొనకుండ విడిచిపెట్టిన ఆ కిరణం ఎల్లరికిని చెందినది. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో ప్రారంభమైన మిషను క్షయ వైద్యశాలవారు, 1950వ దశకంలో చుట్టుపట్ల గ్రామస్థుల ఛాతీలను ఎక్స్‌రే తీసి, దాగియున్న క్షయను వెదకినారు.

1961లో అమెరికా వైద్యులు పీటర్స్‌డార్ఫ్, బీసన్ కారణం తెలియని జ్వరానికి ఒక హద్దు ఏర్పరచారు: 101 డిగ్రీలకు మించి, మూడు వారాలకు పైగా ఉండి, ఆసుపత్రిలో వారం రోజుల పరీక్షకును అంతు చిక్కనిది. వారు చూచిన 100 మందిలో 36 మందికి కారణం అంటురోగమే. 1971లో లండనులో ఆరంభమైన సి.టి. స్కాను, ఈ కిరణాలనే అన్ని ప్రక్కల నుండి పంపి, కాలేయంలోని చీముగడ్డను, కడుపు లోతున వాచిన గ్రంథులను చూపగలదు. వేరొక మార్గాన నడిచే పెట్ స్కాను, చక్కెరను అధికంగా పీల్చుకొనే వాపు ఎక్కడున్నదో వెదకి పట్టుకొంటుంది.

అయితే ఒక మాట మరువరాదు. చిత్రం చోటును చూపుతుంది గాని రోగం పేరు చెప్పదు. అక్కడి నుండి ముక్క తీసి పరీక్షించవలసి యుండవచ్చును. ఒళ్లంతా వ్యాపించే క్షయలో తొలిదినాల ఎక్స్‌రే నిర్దోషంగా కనబడవచ్చును. కావున రోగి చెప్పే మాట ఓపికగా వినే వైద్యుడు ఎన్నటికిని అవసరమే.

ప్రియ పాఠకులారా, మన యిండ్లలో జ్వరం వారాల తరబడి తగ్గకుంటే అంగడి మాత్రలతో కాలం పుచ్చక, రోగిని వైద్యుని యొద్దకు తీసికొనిపోవుదము. రాంట్‌జెన్ మనకు ఉచితంగా ఇచ్చిపోయిన వెలుగును ఆలస్యం చేసి వ్యర్థపరచకుందము.