గుంటూరు డాక్టరమ్మ

మన వేటపాలెం కూడ గుంటూరు జిల్లాలో ఉన్న రోజులవి. 1920లో ఆస్ట్రేలియా నుండి డాక్టర్ మేరీ గ్లౌరీ గుంటూరు వచ్చి, యేసు మరియ జోజప్పల సభలో చేరారు. మఠకన్యలు వైద్యం చేయరాదన్నది ఆనాటి తిరుసభ నియమం. పదిహేనవ బెనెడిక్టు పోపుగారి ప్రత్యేక అనుమతితో ఆమె వైద్యం సాగించారు.

రోగులు వేలమంది, డాక్టరమ్మ ఒక్కరే. అందుకే స్థానిక స్త్రీలకు మందులు కలపడం, కాన్పులు చేయడం, రోగులకు పరిచర్య చేయడం నేర్పి, తన పనిలో భాగస్వాములను చేసుకున్నారు. 1943లో కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించి, విడివిడిగా శ్రమిస్తున్నవారిని ఒక్కటి చేశారు. 1957 మే 5న బెంగుళూరులో ప్రభువులో నిద్రించారు. 2013లో దైవసేవకురాలిగా ప్రకటింపబడ్డారు.

మన ఇంటి ఆడపిల్ల నర్సునవుతానంటే చిన్నచూపు చూడకండి. డాక్టరమ్మ తన విద్యను పంచింది అలాంటి పిల్లలకే.