తన పేరు తాను వ్రాసుకోలేకపోయిన శిల్పి: లియో ఫెండర్

జగ్గయ్యపేట స్తూపం వద్ద దొరికిన శాసనాలలో ఒక పనివాని పేరు ఉన్నది. క్రీస్తు శకం మూడవ శతాబ్దంలో, ఇక్ష్వాకు ప్రభువు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో, వేలగిరి మహాచైత్యపు తూర్పు ద్వారాన అయిదు ఆయక స్తంభాలను నిలిపిన సిద్ధార్థుడు తన పేరును, తన తండ్రి నాగచంద్రుని పేరును రాతిమీద చెక్కించి పోయినాడు. తండ్రీ కొడుకులిద్దరూ పనివారే. రాజుల పేర్లు శాసనాల కెక్కడం లోకంలో సామాన్యం. ఉలి పట్టిన చేతి పేరు నిలవడం అపురూపం. తాను చేసిన వస్తువుమీద తన పేరు చూచుకోవాలనే కోరిక పనివానికి సహజమైనదే. ఆ కోరిక నెరవేరి, నెరవేరిన తరువాత చేజారిపోయిన ఒక పనివాని జీవితకథ ఇరువదవ శతాబ్దంలో, అమెరికా దేశపు పడమటి కోస్తాలో జరిగినది.

నేడు నందిగామలోనో జగ్గయ్యపేటలోనో పెళ్ళివేదికమీద విద్యుత్ గిటారు మ్రోగితే వింతగా చూచేవారు లేరు. ఆ గిటారు ఏ దేశపు కర్మాగారంలో తయారైనదైనా, దాని రూపురేఖలు చాలామట్టుకు ఒక మనిషి పనిబల్లమీద రూపుదిద్దుకొన్నవే. ఆయన పూర్తి పేరు క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్. లోకానికి ఆయన లియో ఫెండర్. విచిత్రమేమంటే, ప్రపంచమంతా వాయించే గిటారును తీర్చిదిద్దిన ఈ మహాశయునికి గిటారు వాయించడం జీవితాంతం రానేలేదు.

లియో 1909 ఆగస్టు 10న కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఆనహైమ్, ఫుల్లర్టన్ పట్టణాల సమీపంలోని ఒక నారింజ తోటలో జన్మించినాడు. తల్లిదండ్రులు ఆ తోట యజమానులు. ఎనిమిదేండ్ల వయస్సులో కంటికి వ్రణం వచ్చి ఒక కన్ను పోయినది. నాటినుండి ఆయన గాజుకన్నుతోనే లోకాన్ని చూచినాడు. పదమూడేండ్ల ప్రాయంలో, మోటారుల విద్యుత్ పరికరాలు బాగుచేసే దుకాణం గల ఆయన మామ ఒక పెట్టెనిండా పాత విడిభాగాలు పంపినాడు. మరి కొన్నాళ్ళకు ఆ మామ దుకాణంలో స్వయంగా అమర్చిన రేడియో ఒకటి గంభీరమైన ధ్వనితో మ్రోగడం లియో విన్నాడు. ఆ ధ్వని ఆయన చెవిలోనుండి మరి పోలేదు. బడి చదువు సాగుతూ ఉండగానే ఇరుగుపొరుగువారి రేడియోలు బాగుచేయడం మొదలుపెట్టినాడు.

అయితే పై చదువులో ఆయన అభ్యసించినది విద్యుచ్ఛాస్త్రం కాదు, లెక్కల పద్దులు. విద్యుత్తునుగూర్చి ఆయన ఎరిగినదంతా స్వయంకృషితో సంపాదించినదే. 1934లో ఎస్తేరు అనే యువతిని వివాహమాడినాడు. అది అమెరికాను ఆర్థిక మాంద్యం పట్టి పీడిస్తున్న కాలం. గుమాస్తా ఉద్యోగాలు ఒకదాని వెంట ఒకటి ఊడిపోయినవి. చివరకు 1938లో ఆరువందల డాలర్లు అప్పు చేసి, ఫుల్లర్టన్‌లో రేడియో మరమ్మతు దుకాణం తెరచినాడు. ఆ తొలి సంవత్సరాలలో టెలిఫోను కంపెనీలో భార్య చేసే ఉద్యోగమే ఇంటికి ఆధారమైనది.

దుకాణానికి వచ్చేవారిలో సంగీతజ్ఞులు కూడా ఉండేవారు. అప్పటికి గిటారుకు విద్యుత్తు కొత్త కాదు. 1932 నాటికే రికెన్‌బ్యాకర్ సంస్థ హవాయి పద్ధతి విద్యుత్ గిటారును అమ్మకానికి పెట్టినది. అందలి రహస్యం సులభమైనది. ఉక్కుతీగ క్రింద ఒక అయస్కాంతాన్ని ఉంచి, దాని చుట్టూ వెంట్రుకవంటి రాగితీగను వేలాది చుట్లు చుట్టుతారు. పైన ఉక్కుతీగ కంపించినప్పుడు ఆ రాగిచుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుట్టుతుంది. ఆ విద్యుత్తును యంత్రం పెంచి ధ్వనిగా మార్చుతుంది. ఈ చిన్న పరికరాన్ని పికప్ అంటారు.

చిక్కు మరొకచోట ఉన్నది. మన వీణకు పనసకఱ్ఱ కుండ ఎట్లాగో, సాధారణమైన గిటారుకు బోలుగా ఉన్న దేహం అట్లాగే ప్రాణం. తీగనాదాన్ని పెంచేది ఆ బోలే. కాని అట్టి వాద్యానికి పికప్ తగిలించి ధ్వని హెచ్చించినప్పుడు, ధ్వనియంత్రంనుండి వచ్చే శబ్దానికి ఆ బోలుదేహమే తిరిగి కంపించి, ఆ కంపనం మరల తీగలకెక్కి, భరింపరాని కూత బయలుదేరేది. నాట్యశాలల సందడిలో వాయించే వారికి ఇది నిత్యం ఎదురయ్యే బాధ. ఆ కూతను అణచాలంటే దేహంలో బోలు ఉండరాదు. ఘనమైన చెక్కతోనే గిటారు చేయాలి.

ఈ ఆలోచన లియో ఒక్కనికే కలిగినదని చెప్పడం న్యాయం కాదు. లెస్ పాల్ అనే విద్వాంసుడు 1940 ప్రాంతాననే ఒక దుంగకు తీగలు కట్టి వాయించి చూచినాడు. పాల్ బిగ్స్‌బీ అనే నిపుణుడు 1948లో మెర్ల్ ట్రావిస్ అనే గాయకునికోసం ఘనదేహపు గిటారు నొకదానిని అందంగా చేసి ఇచ్చినాడు. కాని బిగ్స్‌బీది అడిగినవానికి ఒక్కొక్కటిగా చేతితో మలచి ఇచ్చే పద్ధతి. అటువంటి వాద్యం పొందడానికి ధనమూ ఉండాలి, నిరీక్షించే ఓపికా ఉండాలి. రాత్రి కచేరీ చేస్తేగాని పొద్దున గడవని వాద్యకారుని చేతికి అది వచ్చేదెట్లా? లియో పట్టుకొన్న సమస్య ఇది.

ఆయన మొదట డాక్ కాఫ్‌మన్ అనే వాద్యకారునితో కలిసి హవాయి గిటారులు చేసినాడు. అప్పుల భయంతో కాఫ్‌మన్ 1946లో తప్పుకొన్నాడు. లియో ఒంటరిగా ముందుకు సాగినాడు. 1948లో జార్జి ఫుల్లర్టన్ అనే యువకుడు ఆయనకు తోడైనాడు. 1950లో వారి ఘనదేహపు గిటారు బజారులోకి వచ్చినది.

దాని నిర్మాణం చూచి సంప్రదాయజ్ఞులు పెదవి విరిచినారు. ఉత్తమమైన బొబ్బిలి వీణను ఒకే పనసదుంగనుండి తొలుస్తారు. అందుకే దానిని ఏకాండి వీణ అంటారు. కుండా దండీ ఒకే కఱ్ఱ కావడమే దాని గొప్పతనం. పాశ్చాత్య గిటారు ఏకకాష్ఠం కాకున్నా, దేహానికి మెడను జిగురుతో శాశ్వతంగా అతికించేవారు. లియో ఆ రెంటినీ నాలుగు మరమేకులతో బిగించినాడు. మెడ వంగితే, మెట్లు అరిగితే, మరలు విప్పి కొత్త మెడ తగిలించుకోవచ్చును. చిన్ననాటినుండి మరమ్మతులు చేసిన మనిషి గనుక, వస్తువు ఎక్కడ చెడుతుందో ముందే ఊహించి, చెడినప్పుడు బాగుచేసుకొనే వీలు కల్పించినాడు.

ఆ గిటారుకు బ్రాడ్‌కాస్టర్ అని నామకరణం జరిగినది. గ్రెట్ష్ కంపెనీవారు తమ డోళ్ళకు ఆ పేరును ముందే వాడుకొంటున్నామని అభ్యంతరం తెలిపినారు. వెంటనే 1951లో లియో మనుష్యులు ముద్రించి ఉన్న చీటీలలో ఆ మాటను కత్తిరించి, ఫెండర్ అన్న ఇంటిపేరు మాత్రమే అతికించి గిటారులు పంపినారు. కొద్ది నెలలు అవి పేరులేని గిటారులుగానే అమ్ముడుపోయినవి. తరువాత టెలీకాస్టర్ అనే పేరు స్థిరపడినది. నాడు పేరు కోల్పోయిన ఆ కొద్దిపాటి గిటారులనే నేటి సంగ్రాహకులు నోకాస్టర్లని పిలుస్తూ అపార ధనం వెచ్చించి కొంటున్నారు.

అదే 1951లో ఆయన ప్రెసిషన్ బేస్ గిటారును వెలువరించినాడు. మంద్రస్థాయికై నిలువెత్తు వాద్యాన్ని మోసుకొని తిరిగే వారికి అది పెద్ద ఊరట. దానికి మెట్లు ఉండడంవల్ల స్వరస్థానం తప్పదు. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చినది. టెలీకాస్టర్ అంచు డొక్కలో గుచ్చుకొంటున్నదని బిల్ కార్సన్ వంటి వాద్యకారులు ఫిర్యాదు చేయగా, ఫ్రెడ్డీ తవారిస్ సహాయంతో దాని అంచులను శరీరానికి అనువుగా చెక్కించినాడు. మూడు పికప్‌లు, స్వరాన్ని కదిలించే మీట అమర్చినాడు. నాడు మీటతో కూడిన దాని వెల 249 డాలర్ల 50 సెంట్లు.

వాయించడం రాని మనిషి ఇంత ఎట్లా సాధించినాడు? రానితనమే ఆయనకు వినడం నేర్పినది. కొత్త నమూనా తయారు కాగానే దానిని వాద్యకారుల చేతికిచ్చి నాట్యశాలలకు పంపేవాడు. తానూ వెంట వెళ్ళి, కచేరీ నడుస్తూ ఉండగానే వేదిక నెక్కి ధ్వనియంత్రాలు సవరించేవాడు. తన అభిరుచిని ఒకరిమీద రుద్దడానికి ఆయనకు అభిరుచి అనే ఆటంకమే లేదు. ఎదుటివాని బాధ ఏమిటన్నదే ఆయన ప్రశ్న.

ఆ కర్మాగారంలో యంత్రాలు ఉన్నా చేతిపని తక్కువ కాదు. తదేయో గోమెజ్ అనే పనివాడు తాను తీర్చిన మెడల చివర పెన్సిలుతో తన పొడి అక్షరాలు వ్రాసేవాడు. అబిగైల్ ఇబర్రా అనే మహిళ 1956లో చేరి రాగితీగలు చుట్టడంలో సిద్ధహస్తురాలైనది. గిటారు విప్పితేగాని కనబడని ఆ పెన్సిలు గుర్తులను నేడు సంగ్రాహకులు భూతద్దంతో వెదకుతున్నారు.

కాలక్రమాన లియో ఆరోగ్యం దెబ్బతిన్నది. దీర్ఘవ్యాధి పీడించగా, ఇక ఎంతోకాలం బ్రతకనని తలచి, 1965 జనవరిలో తన సంస్థను సి.బి.ఎస్. కంపెనీకి 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మివేసినాడు. అటుతరువాత వైద్యుని మార్చగా ఆ వ్యాధి నయమైనది! మనిషి మిగిలినాడు, పేరు పరులదైపోయినది. పదేండ్లవరకు పోటీ వ్యాపారం చేయరాదన్న నిబంధన కూడా ఆ ఒప్పందంలో ఉన్నది. కొత్త యజమానుల ఏలుబడిలో ఉత్పత్తి పెరిగినది, నాణ్యం తగ్గినదని వాద్యకారులు గొణగసాగినారు. 1965కు ముందు చేసిన గిటారులకై వెదకులాట అప్పుడే మొదలైనది.

గడువు తీరినాక 1975లో లియో మ్యూజిక్ మ్యాన్ అనే సంస్థకు అధ్యక్షుడైనాడు. 1979లో ఎస్తేరు మరణించినది. మరుసటి ఏట ఫిలిస్ అనే ఆమెను వివాహమాడినాడు. ఆ రోజులలోనే జార్జి ఫుల్లర్టన్‌తో కలిసి జి అండ్ ఎల్ అనే సంస్థను స్థాపించినాడు. ఆ అక్షరాలు జార్జి, లియో పేర్లకు గుర్తులు. ఫెండర్ అన్న మాటను తన గిటారుమీద వ్రాసుకొనే హక్కు ఫెండరుకు లేదు. తండ్రి ఇచ్చిన ఇంటిపేరు పోయి, ఒక్క పొడి అక్షరం మిగిలినది. ఆ అక్షరం క్రిందనే ఆయన తన వెనుకటి పికప్‌లను, మీటలను ఇంకా మెరుగుపరచడానికి పూనుకొన్నాడు.

అటు పాత సంస్థను 1985లో బిల్ షుల్ట్స్ నాయకత్వాన ఉద్యోగుల బృందం కొన్నది. 1987లో వారు కరోనా పట్టణంలో కస్టమ్ షాప్ అనే ప్రత్యేక కర్మశాల నెలకొల్పినారు. కోరినవారికి కోరినట్లు, కొద్ది సంఖ్యలో, చేతితో గిటారులు మలచి ఇవ్వడం దాని పని. లియో ఏ పద్ధతినుండి గిటారును తప్పించి సామాన్యునికి అందించినాడో, ఆయన పేరుమీదనే గిటారు మరల ఆ పద్ధతికి చేరినది. అక్కడి ప్రధాన శిల్పుల పేర్లు ఆయా వాద్యాలమీద కనబడుతవి. అబిగైల్ ఇబర్రా 2013లో విరమించేవరకు చేతితో చుట్టిన పికప్‌లకై కొనుగోలుదారులు ప్రత్యేకించి అడిగేవారు. 1990 దశకంనుండి కొత్త గిటారుకే గీతలు పెట్టి, రంగు చెరిపి, ముప్పదియేండ్లు వాయించినట్లు కనబడేలా చేసి అమ్మడం కూడా ప్రారంభమైనది.

వేలంపాటల సంగతి చెప్పనే అక్కరలేదు. మూడు పాత స్ట్రాటోకాస్టర్ల భాగాలు కలిపి ఎరిక్ క్లాప్టన్ కూర్చుకొన్న గిటారు 2004లో 9,59,500 డాలర్లు పలికినది. డేవిడ్ గిల్మర్ నల్ల స్ట్రాటోకాస్టర్ 2019లో 39 లక్షల 75 వేల డాలర్లకు పోయినది. ఈ రెంటికీ ఆ విలువ రావడానికి కారణం వాటి చెక్క మాత్రమే కాదు. క్లాప్టన్ భాగాలు మార్చి కూర్చుకోగలిగినది, గిల్మర్ ఏండ్ల తరబడి తన గిటారు మెడలు మార్చుకోగలిగినది, పూర్వం పండితులు పెదవి విరిచిన ఆ నాలుగు మరమేకుల పుణ్యమే. అద్దాల బీరువాలో భద్రపరచిన గిటారుకు ఆ మరలతో పనిలేదు.

చివరి దశలో లియోను పార్కిన్సన్ వ్యాధి పట్టినది. చేతులు వణికినా కర్మశాలకు పోవడం మానలేదు. 1991 మార్చి 21న, తన 81వ ఏట కన్నుమూసినాడు. అంతకు ముందురోజు కూడా పనిబల్ల దగ్గరకు వెళ్ళి వచ్చినాడు. మరుసటి సంవత్సరం రాక్ సంగీత ప్రముఖుల గౌరవశాలలో ఆయన పేరు చేర్చినారు. ఆయన గది ఎట్లా విడిచిపోయినాడో అట్లాగే, పనిముట్లతోసహా, ఫిలిస్ చాలాకాలం కాపాడించినది. ఆ బల్లమీద పూర్తికాని పని ఉండేది.