ఛాతీ డాక్టరు

రొళ్లలోనో మడకశిరలోనో ప్రభుత్వాసుపత్రికి వెళ్లారనుకోండి. ముందు ఓపీ చీటీ రాయించుకోవాలి. పేరు, వయసు, ఆడా మగా... మీరు ఆలోచించకుండానే జవాబు చెప్పేస్తారు. మీ వెనక నిలబడ్డ ట్రాన్స్‌జెండర్ వ్యక్తికి మాత్రం ఆ మూడో ప్రశ్న దగ్గరే గొంతు ఆగిపోవచ్చు. కార్డులో ఒక పేరు, ఎదురుగా ఉన్న మనిషి మరోలా. వరసలో ఉన్నవాళ్ల చూపులన్నీ అటే. మూడు వారాలుగా దగ్గు వస్తున్నా, మందుల షాపులో సిరప్ కొనుక్కుని ఇంటికి పోవడమే నయమనిపిస్తుంది. ఆ దగ్గు క్షయ అయితే? ఆ భయాన్నీ, ఆ జబ్బునీ రెండింటినీ దగ్గరగా చూసిన డాక్టరు ఒకాయన అమెరికాలో ఉండేవారు. ఆయనే అలన్ హార్ట్.

ఆయన 1890లో కాన్సస్ రాష్ట్రంలో పుట్టారు. పసితనంలోనే తండ్రి టైఫాయిడ్‌తో పోయారు. పెరిగింది ఆరెగాన్ రాష్ట్రంలో. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాశారు గానీ, చిన్ననాటి నుంచీ తనను తాను మగవాడిగానే భావించుకున్నారు. 1917లో పోర్ట్‌లాండ్‌లో వైద్యవిద్య పూర్తిచేశారు. తర్వాత ఒక డాక్టరు దగ్గర మనసు విప్పి, శస్త్రచికిత్సతో గర్భసంచి తీయించుకుని, మగవాడిగా జీవితం మొదలుపెట్టారు. 1918లో పెళ్లి చేసుకుని గార్డినర్ అనే చిన్న ఊళ్లో ప్రాక్టీసు పెట్టారు. పాత పరిచయస్తులొకరు గుర్తుపట్టి గుట్టు బయటపెట్టడంతో ఆ ఊరు వదలాల్సి వచ్చింది. ఆ తర్వాతా ఒకచోట నిలదొక్కుకోవడానికి ఏళ్లు పట్టింది. చేతిలో డాక్టరు పట్టా ఉన్న మనిషికే ఇన్ని తిప్పలు!

ఆ తిరుగుళ్లలోనే ఆయన చూపు క్షయ మీద పడింది. అప్పటికి దానికి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. కాబట్టి జబ్బును తొలిదశలోనే పట్టుకోవడం, రోగికి విశ్రాంతి, మంచి తిండి ఇవ్వడం, ఇతరులకు సోకకుండా చూడడమే దారి. హార్ట్ రేడియాలజీ చదివి, దగ్గు మొదలవ్వకముందే ఊపిరితిత్తుల్లో మచ్చను ఎక్స్‌రేతో పట్టుకోవచ్చని నమ్మారు. 1930ల చివర్లో ఐదహో రాష్ట్రంలో క్షయ నివారణ బాధ్యత చేపట్టి, ఎక్స్‌రేను ఊరూరా తిప్పారు. క్షయ అంటే అప్పట్లో పరువు తక్కువ. అందుకే తన శిబిరాలను ఛాతీ క్లినిక్కులనీ, తనను ఛాతీ డాక్టరనీ చెప్పుకునేవారు. సిగ్గు అడ్డురాకపోతే రోగి తనంతట తానే వస్తాడని ఆయనకు సొంత అనుభవమే నేర్పి ఉండవచ్చు.

1948లో యేల్ విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్యంలో పట్టా అందుకుని, కనెక్టికట్ రాష్ట్ర క్షయ విభాగంలో చివరిదాకా పనిచేశారు. 1962లో గుండె జబ్బుతో కన్నుమూశారు. తన ఉత్తరాలు, ఫొటోలు నాశనం చేయాలని వీలునామాలో రాశారు. అన్నేళ్ల తర్వాత కూడా ఆ భయం పోలేదన్నమాట.

ఇప్పుడు మన సంగతి. హైదరాబాద్‌లో 2021లో ట్రాన్స్‌జెండర్ల కోసం మిత్ర్ క్లినిక్ మొదలైంది. సాధారణ వైద్యం నుంచి మానసిక సలహా దాకా ఒకేచోట దొరికేవి. 2025 జనవరిలో అమెరికా నిధులు ఆగడంతో మూతపడి, తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. మంచిదే. కానీ దగ్గుకో బీపీకో రొళ్ల నుంచి హైదరాబాద్ ఎవరు పోగలరు? ఆ పని దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే జరగాలి.

మీ ఇంట్లోనో వీధిలోనో ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఉంటే ఈ నాలుగు మాటలు చెప్పండి. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వాసుపత్రుల్లో క్షయ పరీక్షలు, మందులు ఉచితం. బీపీ, షుగర్ అందరిలాగే చూపించుకోవాలి. హార్మోన్ మాత్రలు సొంతంగా కొని వాడకూడదు. ఈస్ట్రోజెన్‌తో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది, పొగతాగే అలవాటుంటే ఇంకా ఎక్కువ. టెస్టోస్టిరాన్‌తో రక్తం చిక్కబడవచ్చు. ఇప్పటికే వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి. మగవాడిగా మారినా గర్భాశయ ముఖద్వారం ఉంటే, దానికి సంబంధించిన క్యాన్సర్ పరీక్ష మానకూడదు.

ఒంటరిగా వెళ్లడానికి జంకుతుంటే మీరు తోడు వెళ్లండి. చీటీ రాసేచోట వాళ్లు చెప్పుకునే పేరుతోనే పిలవండి. ఆ వరసలో వాళ్లు చివరిదాకా నిలబడగలిగితే, డాక్టరు చేయాల్సిన పని డాక్టరు చేస్తారు.