కర్మయోగి సిద్ధరామేశ్వరుడు

పనియందు నేర్పు గలవారు లోకమున పెక్కుమంది కలరు. పదిమందిని కూర్చి పని చేయింపగల సమర్థులును కలరు. కాని పని చేయుచున్న తన్ను తాను చూచుకొనగలవారు మిక్కిలి అరుదు. అట్టి చూపు ఒక మహాపురుషునకు ఎట్లు లభించెనో తెలుపునది సొన్నలిగె సిద్ధరామేశ్వరుని చరిత్రము. బసవేశ్వరుని కాలమున, అనగా 12వ శతాబ్దమున, వెలసిన ఈ శరణుని శివభక్తులు కర్మయోగి అని, శివయోగి అని రెండు విధముల కీర్తింతురు. ఆ రెండు పేరుల నడుమ గల దూరమే ఆయన జీవితము.

నేటి మహారాష్ట్రములోని సోలాపురమునకు ఆ దినములలో సొన్నలిగె యని పేరు. అచట ముద్దగౌడుడు, సుగ్గలాదేవి యను పుణ్యదంపతులకు ఆయన జన్మించెను. చిన్ననాడు ధూళిమాకాళుడని పిలువబడెను. ఆ బాలుడు తోడి పిల్లలవలె అల్లరి చేయక, మాటలాడక, మౌనముగా నుండుటచే లోకులు మందమతి యని తలచిరి. ఒకనాడు చేను కాచుచుండగా శ్రీశైల మల్లికార్జునుడు జంగమరూపమున వచ్చి అన్నము కోరెననియు, బాలుడు ఇంటికి పరుగెత్తి పెరుగన్నము తెచ్చుసరికి ఆ జంగముడు కానరాలేదనియు కథ కలదు. తన మల్లయ్యను వెదకుచు బాలుడు యాత్రికులవెంట మన శ్రీశైలమునకు చేరెను. గర్భగుడిలోని లింగమును చూపి ఇతడే మల్లయ్య యని వారు చెప్పగా అతడు సమ్మతింపలేదు. తనతో మాటలాడి, ఆకలి యని చేయిచాచిన మల్లయ్యయే కావలెనని కొండలలో ఎలుగెత్తి పిలుచుచు తిరిగి, తుదకు లోయలోనికి దుముకబోయెను. అప్పుడు మల్లికార్జునుడు చేయిపట్టి కాపాడి, సొన్నలిగెను రెండవ శ్రీశైలముగా చేయుమని ఆజ్ఞాపించి పంపెనని పెద్దలు చెప్పుదురు. 13వ శతాబ్దపు కన్నడ కవి రాఘవాంకుడు ఈ గాథనంతయు సిద్ధరామ చరిత్రమను కావ్యముగా రచించెను. సిద్ధరాముని వచనములకు ముద్రయైన కపిలసిద్ధ మల్లికార్జున నామము ఆ బాల్యభక్తి తుదివరకు ఆయనను వీడలేదని తెలుపును.

తిరిగివచ్చిన సిద్ధరాముడు ఆ ఆజ్ఞను మాటగా నిలుపలేదు, పనిగా మార్చెను. ఊరి చుట్టును లింగములను ప్రతిష్ఠించెను. గుడులు కట్టించెను. వానలు తక్కువైన ఆ సీమలో మనుష్యులకు, పశువులకు నీరే ప్రాణమని గుర్తించి గొప్ప చెరువును త్రవ్వించుటకు పూనుకొనెను. వేలకొలది భక్తులు పార పట్టిరి, తట్ట మోసిరి. కూలి ఆశించి కాక, సిద్ధరామునిపై గల భక్తిచే వారు శ్రమించిరి. ఆయన మాట వారికి వేదమయ్యెను. సొన్నలిగె కీర్తి దేశమంతట ప్రాకెను.

ఇట్లు పని సాగుచుండగా అల్లమప్రభువు అచటికి వచ్చెను. 15వ శతాబ్దమున సంకలితమైన శూన్యసంపాదన ఈ ఘట్టమును విపులముగా వర్ణించినది. ప్రభువు చెరువుగట్టున నిలిచి, సిద్ధరాముని వట్టి మన్ను త్రవ్వు ఒడ్డరివానిగా పేర్కొని, అతడెచట అని ప్రశ్నించెను. తమ గురువును తూలనాడెనని పనివారు కోపించి రాళ్లు రువ్విరి. ఆ రాళ్లు ప్రభువును తాకక కుప్పపడెను. వార్త విని వచ్చిన సిద్ధరాముడు సైతము క్రోధమును ఆపుకొనలేక కంటినుండి అగ్నిని వెడలించెననియు, ఆ మంట ప్రభువు పాదములకడ అణగిపోయెననియు కథనము. అప్పుడు గాని ఎదుట నిలిచినవాడెవ్వడో సిద్ధరామునకు తెలియలేదు.

ఇచట మనము కొంత ఆగి ఆలోచింపవలెను. సిద్ధరాముడు పగలెల్ల త్రవ్వించుచున్నది మన్నే కదా! త్రవ్వువాడని పిలిచిన అది అవమానమెట్లగును? పనిని పవిత్రమని చెప్పుచు, ఆ పనివాని పేరు తనకు తగిలినంతనే నొచ్చుకొనిన మనస్సులో ఏదో ఒక మూల నేను పెద్దవాడననెడి భావము దాగియున్నదన్నమాట. అల్లమప్రభువు తప్పుపట్టినది చెరువును కాదు. చెరువు నీరు నిండకమునుపే కర్త మనస్సులో నిండిన అభిమానమును. మరియొక సంగతి కూడ గమనింపదగినది. రాళ్లు రువ్వినది అనుచరులే యైనను, ఆ కోపమునకు మూలము నాయకునియందే యుండెను. పెద్దవానిలో అణగియున్న దోషము క్రిందివారి చేతలలో బయటపడును. ఈ సత్యము మఠమునకెట్లో, కార్యాలయమునకు, కుటుంబమునకు అట్లే వర్తించును.

తప్పును చూపినవానిని వెడలగొట్టుట సులభము. సిద్ధరాముడట్లు చేయలేదు. తన కీర్తికి, తన జనమునకు నడుమనున్న సొన్నలిగెను విడిచి ప్రభువు వెంట కల్యాణమునకు నడచెను. ఆయన గొప్పతనమంతయు ఆ నడకలో నున్నది. సొన్నలిగెలో వేలమందికి గురువైనవాడు అనుభవమంటపమున శిష్యుడై కూర్చుండెను. స్థావరలింగముల నెన్నింటినో ప్రతిష్ఠించిన తనకు మరల ఇష్టలింగదీక్ష ఏల యని మొదట సందేహించెను. ఆ సందేహమును దాచక శరణులయెదుట వెల్లడించి, విచారించి, తుదకు వయస్సున చిన్నవాడైన చెన్నబసవేశ్వరునిచే దీక్ష గైకొనెను. తనకంటె చిన్నవానియెదుట తల వంచుటకు కావలసిన బలము చెరువు త్రవ్వుటకు కావలసిన బలముకంటె ఎక్కువ.

అట్లు వంగిన తలయే పిమ్మట పీఠమునకు అర్హమయ్యెను. అల్లమప్రభువు, చెన్నబసవేశ్వరుల తరువాత శూన్యసింహాసనమును అధిష్ఠించినవాడు సిద్ధరాముడేనని సంప్రదాయము చెప్పుచున్నది. 1167లో బిజ్జలుడు హతుడై కల్యాణము అల్లకల్లోలమయ్యెను. శరణులు చెదరిపోయిరి. సిద్ధరాముడు సొన్నలిగెకు మరలివచ్చి అచటనే లింగైక్యము చెందెను. ఆయన పేర వెలసిన వచనములు వెయ్యికి పైగా నేడు లభించుచున్నవి.

నేటికిని సోలాపురమున చెరువు నడుమ సిద్ధేశ్వరాలయము నిలిచియున్నది. ప్రతి సంవత్సరము మకరసంక్రాంతికి నందిధ్వజములతో గొప్ప యాత్ర జరుగును. తరతరములుగా అచట స్థిరపడిన తెలుగు నేతకుటుంబములకును ఆ క్షేత్రము సుపరిచితమే. యాత్రికులు చెరువునీటిని కన్నులకద్దుకొందురు. ఆ నీరు ఆయన చేసిన పనికి గుర్తు. ఆ నీటి నడుమ నిశ్చలముగా నున్న సమాధి ఆయన తెలిసికొనిన దానికి గుర్తు.

శరణులు కాయకమే కైలాసమనిరి. కాయకమున అహంకారము చేరినచో కైలాసము దూరమగునని సిద్ధరామేశ్వరుని జీవితము తెలుపుచున్నది. ప్రతిదినము ఇష్టలింగమును కరమున నుంచుకొని పూజించు భక్తుడు ఆ క్షణమున తన్ను తాను ప్రశ్నించుకొనవలెను: నేడు నేను చేసిన పని ఎవరికొరకు? నన్ను సరిదిద్దినవానిపై రాయి రువ్వితినా, లేక అతని వెంట నాలుగడుగులు నడచితినా? ఈ ప్రశ్నకు సత్యముగా ఉత్తరము చెప్పుకొనువాని ఇల్లే రెండవ శ్రీశైలము.